పదిహేడేళ్ల ముచ్చట

కారుచౌకగా సోఫా వస్తుందంటే అర్ధరాత్రి వేలమంది తోసుకుంటూ వచ్చిన కొట్టు అది. పదిహేడేళ్లు తిరిగేసరికి ‘ఇక మూసేస్తున్నాం’ అన్న కబురొచ్చింది. సోఫాలు కొనేవాళ్లు కరవై కాదు, కొనే తీరు మారిపోయి! లండన్ శివార్లలోని ఐకియా కథ ఇది. అలాంటి కొట్టునే ఎదురేగి ఆహ్వానించిన హైదరాబాద్ వాళ్లూ ఓసారి తెలుసుకోవాల్సిన కథ.

2005 ఫిబ్రవరి 10... ఉత్తర లండన్‌లోని ఎడ్మంటన్. చలికాలం అర్ధరాత్రి మామూలుగా అయితే అటువైపు మనిషి అలికిడి ఉండదు. ఆ రాత్రి మాత్రం ఇసుక వేస్తే రాలనంత జనం. నీలి గోడలమీద పసుపు అక్షరాలతో వెలిగిపోతున్న కొత్త కొట్టు ముందు అందరూ ఒకటే ఎదురుచూపు. సరిగ్గా పన్నెండింటికి తలుపులు తెరుస్తామనీ, తెల్లవారుజామున మూడింటిదాకా తోలు సోఫా 45 పౌండ్లకే ఇస్తామనీ స్వీడన్ ఫర్నిచర్ కంపెనీ ఐకియా ప్రకటించింది మరి. అప్పటి మారకం లెక్కన మన డబ్బులో నాలుగు వేల రూపాయలు కూడా కాదు. లండన్‌లో తోలు సోఫాకి అది ఊహకందని ధర.

కంపెనీ అంచనా ఒకటైతే జరిగింది మరొకటి. దాదాపు ఆరు వేల మంది వచ్చారని ఆ మర్నాటి వార్తలు. లోపలికి వెళ్లాలన్న ఆత్రంలో కొందరు కార్లను నార్త్ సర్క్యులర్ రోడ్డుమీదే వదిలేసి పరుగెత్తారు. తలుపులు తెరుచుకోగానే తోపులాట. ఊపిరాడక నలిగిపోయినవాళ్లు కొందరు, ఒకే సోఫాకు ఇద్దరు ముగ్గురు అంటిపెట్టుకుని ‘నాదంటే నాది’ అని కొట్లాడినవాళ్లు మరికొందరు. అంబులెన్సులు వచ్చాయి, గాయపడినవాళ్లను ఆసుపత్రికి తరలించారు. చేసేదిలేక అరగంట గడిచీ గడవకముందే కొట్టు మూసేశారు. ‘అంతకు అయిదు నెలల ముందే సౌదీ అరేబియాలోని జెడ్డాలో ఇదే కంపెనీ కొట్టు దగ్గర తొక్కిసలాట జరిగి ముగ్గురు చనిపోయారు కదా, అయినా జాగ్రత్తపడరా?’ అని జనం నిలదీశారు. ఆ రభస సద్దుమణిగాక తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి.

అలా గొడవతో మొదలైన కొట్టు... ఆ తర్వాత ఆ ప్రాంతానికి ఓ గుర్తయిపోయింది. ‘ఐకియా దగ్గర దిగాలి’ అంటే బస్సు డ్రైవరుకు ఇంకేం చెప్పక్కర్లేదు. అలాంటిది, 2022 జూన్‌లో కంపెనీ ఓ ప్రకటన చేసింది... ఆ ఏడాదే ఈ శాఖను శాశ్వతంగా మూసేస్తున్నామని. అన్నట్టే ఆగస్టులో తాళం పడింది.

కొయ్యపనికి పుట్టినిల్లు

ఎడ్మంటన్ ఉన్నది ఎన్‌ఫీల్డ్ అనే పురపాలక ప్రాంతంలో. ఎన్‌ఫీల్డ్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది బుల్లెట్ బండి. నిజానికి ఆ బండి పుట్టింది అక్కడ కాదు, రెడిచ్ అనే ఊళ్లో. ఎన్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ తుపాకుల కర్మాగారానికి విడిభాగాలు సరఫరా చేసే కాంట్రాక్టు దొరికిన సంబరంలో రెడిచ్ కంపెనీ ఆ పేరు పెట్టుకుంది. ప్రపంచంలోనే మొట్టమొదటి ఏటీఎం పనిచేయడం మొదలుపెట్టింది కూడా ఎన్‌ఫీల్డ్‌లోనే, 1967 జూన్ 27న, బార్‌క్లేస్ బ్యాంకు గోడలో.

ఇదంతా చెప్పడమెందుకంటే, ఆ ప్రాంతం ఒకప్పుడు చేతినిండా పనితో కళకళలాడేది. ఎన్‌ఫీల్డ్ నుంచి కిందికి టాటెన్‌హామ్ మీదుగా థేమ్స్ నదిదాకా పారే లీ నది వెంబడి బారులు తీరి ఫ్యాక్టరీలు ఉండేవి. పడవల్లో కలప వచ్చేది. ఆ కలపతో బల్లలూ కుర్చీలూ మంచాలూ బీరువాలూ తయారయ్యేవి. ఐకియా వెలిసిన చోటికి కొద్ది మైళ్ల దూరంలోనే, టాటెన్‌హామ్ హేల్‌లో, హ్యారిస్ లీబస్ అనే ఫ్యాక్టరీ ఉండేది. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫర్నిచర్ ఫ్యాక్టరీగా ఒకప్పుడు దానికి పేరు. రెండో ప్రపంచయుద్ధంలో ఆ వడ్రంగులే సైనికులను మోసుకెళ్లే హోర్సా గ్లైడర్లను, అంటే ఇంజిన్లేని కొయ్య విమానాలను తయారుచేశారు. యుద్ధం రోజుల్లో కలపకు కరవొస్తే, బాంబు దాడుల్లో ఇల్లు కోల్పోయినవాళ్లకూ కొత్తగా పెళ్లయినవాళ్లకూ ప్రభుత్వం కూపన్లమీద ఇచ్చిన సాదాసీదా సామాను చేసిందీ అలాంటి ఫ్యాక్టరీలే.

1960ల చివరికొచ్చేసరికి లీబస్ మూతపడింది. 1988లో తుపాకుల కర్మాగారమూ అదే దారి పట్టింది. ఒకదాని వెనక ఒకటిగా ఫ్యాక్టరీలు పోయి, షెడ్లూ ఖాళీ స్థలాలూ మిగిలాయి. ఒకప్పుడు చేత్తో సోఫా చేసినవాళ్ల మనవలు ఇప్పుడు ఎక్కడో తయారై అట్టపెట్టెలో వచ్చే సోఫాను ట్రాలీలో తోసుకుంటూ పోయే రోజులొచ్చాయి. అయినా సరే, ఐకియా రాకను ఆ ప్రాంతం పండగలాగే చూసింది. ఎందుకంటే దానితోపాటు ఉద్యోగాలొచ్చాయి. లండన్‌లో బాగా వెనకబడిన ప్రాంతాల్లో ఎడ్మంటన్ ఒకటి. అక్కడివాళ్లకు ఇంటి పక్కనే కొలువు దొరకడమంటే చిన్న సంగతేం కాదు.

చిట్టడవిలాంటి కొట్టు

ఐకియా కొట్లు ఎక్కువగా ఊరి చివరే ఎందుకుంటాయి? దానికో లెక్కుంది. కంపెనీ వ్యాపార రహస్యమంతా ధర తగ్గించడంలోనే ఉంది. శివార్లలో స్థలం చవక. కార్లు నిలపడానికి బోలెడు జాగా. రోడ్డుమీద వెళ్లేవాళ్లందరికీ కనపడేలా పెద్ద నీలి డబ్బాలాంటి కట్టడం. పైన ప్రదర్శన, కింద గోదాము. నచ్చిన వస్తువు నంబరు రాసుకుని కిందికొచ్చి, అరలోంచి పెట్టెను స్వయంగా తీసుకుని, డబ్బు కట్టి, ఇంటికి తీసుకెళ్లి మనమే బిగించుకోవాలి. దుకాణదారు చేయాల్సిన పనిలో సగం కొనేవాడే చేస్తాడన్నమాట. దానికి ప్రతిఫలమే తక్కువ ధర.

లోపలికి వెళ్లినవాళ్లు అంత తేలిగ్గా బయటపడలేరు. నేలమీద బాణం గుర్తులుంటాయి. వాటి వెంట నడిస్తే ముందు హాలు, తర్వాత వంటిల్లు, ఆ తర్వాత పడగ్గది, పిల్లల గది... ఇలా ఓ ఇల్లు తర్వాత ఇంకో ఇల్లు చూస్తూ పోతున్నట్టే ఉంటుంది. బల్ల కొందామని వెళ్లినవాళ్లు దీపాలూ దిండ్లూ కొవ్వొత్తులూ కూడా బుట్టలో వేసుకునేది అందుకే. నడిచి నడిచి కాళ్లు నొప్పి పుడితే మధ్యలో భోజనశాల. అదీ చవకే. చిన్నపిల్లలు ఆడుకోవడానికి విడిగా ఓ చోటు. సెలవురోజు పిల్లాపాపలతో వచ్చి, పెద్దగా ఏమీ కొనకుండా తిని తిరిగి వెళ్లే కుటుంబాలకూ అక్కడ లోటుండదు. బయట వాన పడుతున్నప్పుడు, జేబులో పెద్దగా డబ్బుల్లేనప్పుడు, శివారు బతుకుల్లో అలాంటి చోటు విలువ ఇంతా అంతా కాదు.

చేత్తో బిగించుకోవడంలో ఇంకో కిటుకుంది. కొట్టులో తయారుగా దొరికినదానికన్నా తాము కష్టపడి బిగించుకున్నదాన్నే జనం ఎక్కువ విలువైనదిగా చూస్తారని మైఖేల్ నార్టన్, డేనియల్ మోచన్, డాన్ ఏరియలీ అనే ముగ్గురు పరిశోధకులు తేల్చారు. 2012లో అచ్చయిన ఆ పరిశోధనలో ఈ గుణానికి వాళ్లు పెట్టిన పేరే ‘ఐకియా ఎఫెక్ట్’. మన అమ్మమ్మలకు ఇది ఎప్పుడో తెలుసు. తాము అల్లిన బుట్టను మించిన బుట్ట లోకంలో లేదనేవారు కదా!

అగ్గిపెట్టెలతో మొదలై...

ఐకియా స్థాపకుడు ఇంగ్వార్ కాంప్రాడ్ స్వీడన్‌లోని ఓ పల్లెటూరి రైతు బిడ్డ. అయిదేళ్ల వయసులోనే ఇరుగుపొరుగుకు అగ్గిపెట్టెలు అమ్మాడు. టోకున చవగ్గా కొని, విడిగా లాభానికి అమ్మేవాడు. 1943లో, పదిహేడేళ్లప్పుడు కంపెనీ పెట్టాడు. తన పేరులోని రెండు మొదటి అక్షరాలకు తమ పొలం ఎల్మ్‌టారిడ్, ఊరు అగునారిడ్‌ల మొదటి అక్షరాలు కలిపితే అదే ఐకియా.

1956లో కంపెనీ ఉద్యోగి గిల్లిస్ లండ్‌గ్రెన్ ఓ బల్లను కారులో పెట్టబోతే పట్టలేదు. దాంతో కాళ్లు ఊడదీసి పెట్టాడు. విడిభాగాలుగా అమ్మాలన్న ఆలోచనకు అదే బీజమంటారు. 1979లో వచ్చిన ప్రఖ్యాత ‘బిల్లీ’ పుస్తకాల అర రూపకర్తా ఆయనే. కాంప్రాడ్‌కు అక్షరాలూ అంకెలూ తడబడే డిస్లెక్సియా ఉండేది. సరుకు నంబర్లు గుర్తుండేవి కావు. అందుకే వస్తువులకు ఊళ్ల పేర్లూ మనుషుల పేర్లూ పెట్టే ఆనవాయితీ మొదలైంది. కోట్లకు పడగలెత్తినా పొదుపు మానని మనిషిగా పేరుబడ్డ ఆయన 2018 జనవరిలో, 91వ ఏట కన్నుమూశాడు. హైదరాబాద్ శాఖ తెరుచుకోవడానికి సుమారు ఆర్నెల్ల ముందు!

ఒక్క ప్రకటన... 450 మంది

మరి అంత బాగా నడిచే పద్ధతి ఎక్కడ తేడా కొట్టింది? కంపెనీ చెప్పిన కారణం ఒక్కటే. జనం కొనే తీరు మారింది. ఇంట్లో కూర్చుని ఫోన్లో చూసి ఆర్డరిచ్చేవాళ్లు పెరిగారు. కొట్టుకు రావాలనుకున్నా, కారేసుకుని ఊరి చివరికి కాకుండా, రైలు దిగి నాలుగడుగులేస్తే చేరే చోటికి వస్తామంటున్నారు. కొవిడ్ కాలంలో తలుపులన్నీ మూసుకున్నప్పుడు ఈ అలవాటు మరింత ముదిరింది. మార్పు ఛాయలు ముందే కనపడ్డాయి కూడా. ఒక్క 2016లోనే 20 కోట్ల ప్రతులు పంచిన ఐకియా కేటలాగును ఇక అచ్చు వేయబోమని కంపెనీ 2020 డిసెంబరులోనే ప్రకటించింది. డెబ్బై ఏళ్ల ఆనవాయితీ అలా ఆగిపోయింది.

కంపెనీకి ఇది లెక్కల వ్యవహారం. కానీ ఎడ్మంటన్ శాఖలో అప్పటికి పనిచేస్తున్నది దాదాపు 450 మంది. వీలైనంతమందిని ఇతర శాఖల్లోకి సర్దుతామని కంపెనీ అంది. సర్దడమంటే మాటలు కాదు. ఇలాంటి కొట్లలో రోజుకు కొన్ని గంటలే పనిచేసేవాళ్లు చాలామంది. పిల్లల్ని బడికి పంపి వచ్చి, మళ్లీ బడి వదిలే వేళకు ఇంటికి చేరే తల్లులకు పదిహేను నిమిషాల ప్రయాణం వేరు, గంటన్నర ప్రయాణం వేరు. నాలుగు గంటల పనికి మూడు గంటలు దారిలోనే పోతే ఆ జీతం దేనికి? పైకి ‘ఉద్యోగం ఇస్తామన్నాం కదా’ అన్నట్టే ఉంటుంది. చివరికి కాదనుకునేది ఉద్యోగే అవుతుంది.

బ్రిటన్ చట్టం ఇలాంటప్పుడు కొంత ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇస్తుంది. ఒకేచోట తొంభై రోజుల్లోగా వందమందినీ అంతకన్నా ఎక్కువమందినీ తీసేయాలనుకుంటే, మొదటి ఉద్యోగం పోవడానికి కనీసం 45 రోజుల ముందే ఉద్యోగుల ప్రతినిధులతో యాజమాన్యం సంప్రదింపులు మొదలుపెట్టాలి. రెండేళ్ల సర్వీసు నిండినవాళ్లకు పరిహారం కట్టివ్వాలి. అదెంతంటే, 22 ఏళ్లలోపు చేసిన ప్రతి ఏడాదికీ అరవారం జీతం, 22 నుంచి 40 ఏళ్ల వయసులో చేసినదానికి వారం జీతం, ఆ పైన చేసినదానికి వారంన్నర జీతం. వారం జీతానికీ, లెక్కలోకి తీసుకునే ఏళ్లకూ గరిష్ఠ పరిమితి ఉంది. ఏళ్లతరబడి అక్కడే పనిచేసినవాళ్లకు కాస్త ఊరట. నిరుడు చేరిన కుర్రాడికి మాత్రం చట్టప్రకారం దక్కే పరిహారం సున్న.

కారు లేనివాళ్ల సంగతి?

ఇక కొనేవాళ్ల సంగతి. ‘ఆన్‌లైన్లో కొనుక్కోవచ్చుగా’ అనడం తేలికే. బాగా ఉన్నవాళ్లకు అది సౌకర్యం. లేనివాళ్లకు కొత్త ఖర్చు. చవక బల్ల కొంటే దాన్ని ఇంటికి చేర్చే ఖర్చు కూడా మోయాలి. ఒక్కోసారి పులుసుకన్నా పోపు ఖర్చే ఎక్కువైనట్టు ఉంటుంది. అదే దగ్గర్లో కొట్టుంటే చిన్న అట్టపెట్టెలను బస్సులోనో, స్నేహితుడి బండిలోనో తెచ్చుకోవచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం లండన్‌లో ప్రతి పదిళ్లలో నాలుగిళ్లకు కారు లేదు. కార్లున్నవాళ్లకోసమే కట్టారనుకునే శివారు కొట్టుకు అలాంటివాళ్లూ వచ్చేవారు. రంగు కాస్త పోయినవీ, మూల చితికినవీ, వాపసు వచ్చినవీ తక్కువ ధరకు పెట్టే మూల ఒకటి ఐకియా కొట్లలో ఉంటుంది. అద్దె ఇంట్లో కొత్తగా దిగిన కుటుంబం ముందు వెళ్లేది ఆ మూలకే. కళ్లతో చూసి, చేత్తో తడిమి, బేరీజు వేసుకుని కొనే అవకాశం కొట్టుతోపాటే పోతుంది.

ఇంకో విచిత్రం చూడండి. ఆ కొట్టు చుట్టుపక్కల మెరిడియన్ వాటర్ పేరుతో పెద్ద కొత్త పేట కట్టాలని ఎన్‌ఫీల్డ్ కౌన్సిల్ ప్రణాళిక వేసింది. పాత పరిశ్రమల నేలమీద పది వేల ఇళ్లు కట్టాలన్నది లక్ష్యం. 2019లో ఆ పేరుతోనే కొత్త రైల్వే స్టేషనూ తెరిచారు. అంటే, మంచాలూ బల్లలూ కావాల్సిన కుటుంబాలు వేలల్లో రాబోతున్నాయన్నమాట. సరిగ్గా ఆ సమయంలో మంచాలూ బల్లలూ అమ్మే కొట్టు మూటాముల్లె సర్దుకుంది!

అక్కడ అలా... ఇక్కడ ఇలా...

బ్రిటన్‌లో ఐకియా పెద్ద కొట్టును మూసేయడం అది మొదటిసారి కాదు. 1987లో వారింగ్టన్‌లో తొలి శాఖ తెరిచిన కంపెనీకి మొదట్లో శివార్లే అచ్చొచ్చాయి. ఊరి బయట పెద్ద కొట్లు వెలిసి ఊళ్లోని బజార్లు దెబ్బతింటున్నాయని 1990ల్లో ప్రభుత్వం నిబంధనలు బిగించింది. దాంతో ఐకియా ఊరి నడిబొడ్డుకు రావాల్సివచ్చింది. అలా 2007లో కోవెంట్రీ నగరం మధ్యలో ఏడంతస్తుల కొట్టు కట్టింది. 2020 ఫిబ్రవరిలో దాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఎందుకట? అన్ని అంతస్తుల కొట్టు నడపడం ఖర్చుతో కూడిన పని, పైగా జనం ఊరి బయటి దుకాణ సముదాయాలకూ ఆన్‌లైన్‌కూ అలవాటుపడ్డారట.

రెండేళ్లు తిరిగేసరికి ఎడ్మంటన్‌లో చెప్పిందేమిటి? జనం నగరం నడుమ ఉన్న చిన్న కొట్లనూ ఆన్‌లైన్‌నూ ఇష్టపడుతున్నారని! ఊళ్లో పెడితే ఊరి బయట లేదన్న కారణం, ఊరి బయట పెడితే ఊళ్లో లేదన్న కారణం. రెండు చోట్లా మారనిది ఆన్‌లైన్ అన్న మాటే. కంపెనీ ఊరికే మాటలు చెప్పి ఊరుకోలేదు. 2022 ఫిబ్రవరిలో పశ్చిమ లండన్‌లోని హామర్‌స్మిత్‌లో, బజారు మధ్యలో, చిన్న కొట్టు తెరిచింది. ఖరీదైన ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో ఒకప్పటి టాప్‌షాప్ భవనాన్ని 37.8 కోట్ల పౌండ్లకు, అంటే మన లెక్కలో 3,800 కోట్ల రూపాయల పైమాటకు, 2021లోనే కొనేసింది. బాగుచేతలన్నీ ముగించి 2025 మే 1న అక్కడ అమ్మకాలు మొదలుపెట్టింది. పేదల పేటలో తలుపు మూసుకుంది, పర్యటకుల వీధిలో తలుపు తెరుచుకుంది. వ్యాపారం దృష్టితో చూస్తే తప్పుపట్టడానికేం లేదు. ఎడ్మంటన్ బస్టాపులో నిలబడి చూస్తేనే మరోలా కనిపిస్తుంది.

సోఫాల చోట పాటలు

ఖాళీ అయిన కొట్టు ఏమైందో తెలుసా? పాటలశాల! 2023లో ఆ కట్టడాన్ని ‘డ్రమ్‌షెడ్స్’ పేరుతో సంగీత, నృత్య వేదికగా మార్చారు. ఒకేసారి పదిహేను వేల మంది పట్టేంత చోటు. కిటికీలు లేని గోడలు, ఎత్తయిన పైకప్పు, స్తంభాల మధ్య విశాలమైన ఖాళీ... గోదాము కోసం కట్టినవన్నీ హోరెత్తే పాటలకు పనికొచ్చాయి.

కట్టడం పాడుపడకుండా ఉపయోగంలోకి రావడం మంచిదే. ఊళ్లో పెద్ద కొట్టు మూతపడితే అద్దాలు పగిలి, గోడలమీద రాతలు నిండి, పరిసరాలన్నీ దిగాలుగా మారడం ఎన్నోచోట్ల చూస్తున్నదే. కోవెంట్రీలోనూ కౌన్సిల్ ముందుకొచ్చి ఏడంతస్తుల ఐకియా భవనాన్ని కొని, కళలూ సంస్కృతికి కేంద్రంగా మలచడానికి పూనుకుంది. కానీ ఓ తేడా ఉంది. పాటల వేదిక నిండేది వారాంతపు రాత్రుల్లో. అక్కడికి వచ్చేది నగరం నలుమూలల కుర్రకారు. కొట్టు నిండేది రోజూ. వచ్చేది చుట్టుపక్కల కుటుంబాలు. ఒకటి పోయి ఇంకొకటి వచ్చిందని లెక్క సరిపెట్టుకోవచ్చు. ఉదయం పదింటికి పిల్లాణ్ని చంకనేసుకుని దుప్పట్లు కొనడానికి బయల్దేరిన తల్లికి మాత్రం ఆ లెక్క సరిపోదు.

మరి మన దగ్గర?

ఎడ్మంటన్ మూసివేత కబురు బయటికొచ్చిన నెలలోనే, అంటే 2022 జూన్ 22న, బెంగళూరు శివార్లలోని నాగసంద్రలో ఐకియా కొత్త కొట్టు తెరుచుకుంది. మెట్రో స్టేషను పక్కనే, 12 ఎకరాల పైచిలుకు స్థలంలో. ఆ వారాంతం లోపలికి వెళ్లడానికి మూడు గంటలు పడుతుందని కంపెనీయే ప్రకటించాల్సివచ్చింది. ఒకచోట అస్తమయం, మరోచోట ఉదయం!

అంతకు ముందే ఆ సంబరం చూసింది హైదరాబాద్. 2018 ఆగస్టు 9న హైటెక్ సిటీ ప్రాంతంలో ఐకియా దేశంలోనే తన తొలి కొట్టు తెరిచింది. పదమూడెకరాలు, నాలుగు లక్షల చదరపుటడుగులు, ఏడున్నర వేల రకాల వస్తువులు, వెయ్యిమంది కూర్చుని తినే భోజనశాల. వెయ్యి రకాలు రెండొందల రూపాయల్లోపే. తొలిరోజు దాదాపు 40 వేల మంది వచ్చారని లెక్క. తలుపుల దగ్గర తోపులాట, రోడ్లమీద గంటలతరబడి ఆగిపోయిన బళ్లు, అదుపుచేయలేక సతమతమైన పోలీసులు. ఎడ్మంటన్ రాత్రి చూసినవాళ్లకు అది పరిచితమైన దృశ్యమే. అదృష్టవశాత్తూ ఇక్కడ అంతటి రభస జరగలేదు.

బీరువా అంటే పెళ్లితోపాటు ఇంటికొచ్చి, పిల్లల పెళ్లిళ్లయ్యేదాకా ఉండే వస్తువు మనకు. మంచం చేయించాలంటే తెలిసిన వడ్రంగిని పిలిచి, టేకు చెక్క ఎంచి, ఇంటి వసారాలోనే పని చేయించుకున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. ఆ ఇళ్లకు అట్టపెట్టెలో బల్ల తెచ్చి, బొమ్మల కాగితం చూసి బిగించుకోవడం నేర్పడానికి కంపెనీ వచ్చింది. మనవాళ్లు నేర్చుకున్నారు కూడా. బిగించడం చేతకాకపోతే మనిషిని పంపే ఏర్పాటూ ఉంది. హైదరాబాద్ కొట్టుకు ఎడ్మంటన్ గతి పడుతుందని చెప్పడానికి ఆధారమేమీ లేదు. ఊరి చివర అనుకున్న ఆ చోటు చుట్టూ నగరమే పెరిగింది, 2019 నవంబరులో రాయదుర్గం స్టేషనుతో మెట్రో కూడా దగ్గరికొచ్చింది.

అయితే ఎడ్మంటన్ చెబుతున్నది వేరే సంగతి. పెద్ద కొట్టు వచ్చేటప్పుడు ఉద్యోగాలు ఎన్ని, పెట్టుబడి ఎంత, స్థలం ఎన్ని ఎకరాలు అని ప్రభుత్వాలు గొప్పగా చెబుతాయి. రేపు అది వెళ్లిపోతే ఆ పనివాళ్లు ఎక్కడికెళ్లాలి, ఆ కట్టడం దేనికి పనికొస్తుంది, కారులేని ఇల్లాలు సామాను ఎక్కడ కొనాలి అన్న ప్రశ్నలు మాత్రం తాళం పడిన రోజునగానీ గుర్తుకురావు. లీ నది ఒడ్డున ఫర్నిచర్ చేసేవాళ్లు పోయారు, తర్వాత అమ్మేవాళ్లూ పోయారు. కొనాల్సినవాళ్లు మాత్రం అక్కడే ఉన్నారు. వచ్చేటప్పుడు రిబ్బను కత్తిరించడానికి పోటీపడే పెద్దలు, వెళ్లేటప్పుడు ఏం చేయాలో కూడా ఆ రోజే కాగితంమీద రాయించుకుంటే... మూతపడే కొట్టును ఆపలేకపోయినా, దానితోపాటు మూతపడే బతుకులు కొన్నయినా తగ్గుతాయి.